పరీక్షకు నెల ముందు – మన వంతు ఏది?

ఏప్రిల్ నెల మొదలైందంటే మసీదుల్లో ఒక దృశ్యం కనిపిస్తుంది. అస్ర్ నమాజు అయ్యాక జనం వెళ్ళిపోయేదాకా ఆగి, ఎవరో ఒక తండ్రి మెల్లగా ఇమాము దగ్గరకు వస్తాడు. జేబులోంచి రెండు మూడు కొత్త పెన్నులు తీస్తాడు. "హజ్రత్, అబ్బాయికి డాక్టరు పరీక్ష. వీటి మీద కాస్త దమ్ చేసి ఇవ్వండి" అంటాడు.

2025 ఏప్రిల్‌లో అనకాపల్లిలో నా దగ్గరకు అలాగే ఒకాయన వచ్చారు. బెల్లం మార్కెట్లో పని చేస్తారు. రంజాన్ పండుగ మార్చి 31న వెళ్ళింది. నీట్ పరీక్ష మే 4న. మధ్యలో ఉన్నది ఇంచుమించు నెల రోజులు. ఆయన వెనక కొడుకు తల వంచుకుని నిలబడి ఉన్నాడు. "భాయ్, ఈ పెన్నులు హాలులోకి పోనివ్వరు. పెన్ను వాళ్ళే ఇస్తారు" అన్నాను. ఆయన తెల్లబోయారు. "నేను ఇంట్లోనే చెప్పాను హజ్రత్, అబ్బా వినలేదు" అన్నాడు కుర్రాడు. ముగ్గురం నవ్వుకున్నాం. పెన్నులు పక్కన పెట్టి దుఆ చేశాం.

తండ్రి చెప్పులు వేసుకోవటానికి బయటికి వెళ్ళినప్పుడు కుర్రాడు నా దగ్గరే ఆగి అడిగాడు. "హజ్రత్, నా సీటు ఉందో లేదో అల్లాహ్ ముందే రాసి ఉంచాడు కదా. ఈ నెల రోజుల్లో నేను చదివితే ఏం మారుతుంది? ఫిజిక్స్ పుస్తకం తెరవాలంటేనే భయంగా ఉంది. పన్నెండు పాఠాలు అలాగే ఉండిపోయాయి."

నేను మదర్సాలో నేర్చుకున్న జవాబు వెంటనే చెప్పాను. తన ఒంటెను వదిలేసి అల్లాహ్‌పై భారం వేయాలా, లేక కట్టేసి భారం వేయాలా అని ఒక వ్యక్తి అడిగినప్పుడు, ముందు కట్టి ఆ తర్వాత భారం వేయమని దైవప్రవక్త (స) చెప్పిన సంగతి (తిర్మిజీ) వినిపించాను. కుర్రాడు తల ఊపాడు, సలాం చేసి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి పడుకున్నాక అర్థమైంది. అతను రెండు ప్రశ్నలు అడిగాడు. మొదటిదానికి మాత్రమే నేను జవాబిచ్చాను. నిజానికి అతన్ని బాధిస్తున్నది రెండోది.

మొదటి ప్రశ్నకు పెద్ద చర్చ అవసరం లేదు. విధివ్రాత గురించి మనలో చాలామంది అడిగే ప్రశ్న హజ్రత్ ఉమర్ (రజి) కాలంలోనే వచ్చింది. సిరియా ప్రయాణంలో ఉండగా అక్కడ అంటువ్యాధి వ్యాపించిందని తెలిసి ఆయన వెనుదిరిగారు. దైవనిర్ణయం నుండి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగారు. అవును, అల్లాహ్ నిర్ణయం నుండి అల్లాహ్ నిర్ణయం వైపుకే వెళుతున్నామని ఉమర్ (రజి) జవాబిచ్చారు. లోయకు ఒక పక్క పచ్చిక, మరో పక్క ఎండిన నేల ఉంటే, ఒంటెల్ని ఎటు మేపినా అది దైవనిర్ణయంలోనే ఉంటుంది కదా అని కాపరి ఉపమానం కూడా చెప్పారు (బుఖారీ). కానీ తెలివున్న కాపరి పచ్చిక వైపే తోలుకెళతాడు. నెల రోజులు చదవటమూ తఖ్దీరే, చదవకపోవటమూ తఖ్దీరే. ఏ వైపు తోలాలన్నది మన చేతికి వచ్చిన పని. మనిషికి దక్కేది అతని కృషి ఫలమేనని సూరహ్ నజ్మ్ తెలుపుతోంది. ఈ విషయాన్ని ఇంతకంటే సాగదీయను.

ఇక రెండో ప్రశ్న. పుస్తకం తెరవటానికే ఎందుకు భయం?

దైవప్రవక్త (స) ఒకసారి బజారులో ధాన్యం రాశి పక్కగా వెళుతూ అందులో చెయ్యి పెట్టి చూశారు. పైన పొడిగా ఉన్న గింజల కింద ఆయన వేళ్ళకు తడి తగిలింది. ఇదేమిటని వర్తకుణ్ణి అడిగితే వానకు తడిసిందన్నాడు. అలాగైతే తడిసినదాన్ని జనం చూసేలా పైన ఎందుకు ఉంచలేదని మందలించి, మోసగించేవాడు తమవాడు కాడని ప్రకటించారు (ముస్లిం). ఈ హదీసును మనం వ్యాపారులకే చెబుతుంటాం. అనకాపల్లి వంటి ఊళ్ళో అది అవసరమే. రంగు తేలటానికి హైడ్రోస్ కలిపిన బెల్లం గురించి ఇక్కడివాళ్ళకు నేను చెప్పనక్కరలేదు.

అయితే ఇదే మోసం మనిషి తనతో తాను చేసుకుంటే? విద్యార్థి పుస్తకంలో పసుపు రంగు, గులాబీ రంగు గీతలు ఉంటాయి. నాలుగుసార్లు చదివిన పాఠం. పేజీ తిప్పగానే ప్రతి వాక్యమూ తెలిసినట్టే ఉంటుంది. పుస్తకం మూసి, తెల్లకాగితం పెట్టి, ఈ పాఠంలో ఏముందో రాయమంటే నాలుగు పంక్తుల దగ్గర ఆగిపోతాడు. చూసినప్పుడు గుర్తుపట్టటం వేరు, చూడకుండా గుర్తుకు తెచ్చుకోవటం వేరు. మొదటిది రాశి పైనున్న పొడి గింజ. లోపల తడి ఉందని మనసుకు తెలుసు. అందుకే అక్కడ చెయ్యి పెట్టటానికి భయం. ఆ భయం వల్లే వచ్చిన పాఠాన్నే ఐదోసారి చదువుతాం, రాని పాఠాన్ని రేపటికి నెడతాం. రోజుకు పన్నెండు గంటలు చదివానన్న తృప్తి కూడా మిగులుతుంది.

ఈ మాట ఇంత ధైర్యంగా చెప్పటానికి ఒక కారణం ఉంది. నేను హిఫ్జ్ పూర్తిచేసిన తర్వాత మొదటిసారి తరావీహ్ చదివించే బాధ్యత నాకు అప్పగించారు. షాబాన్ నెల అంతా దౌర్ చెయ్యాలి, అంటే ముప్పై పారాలూ మళ్ళీ మొదటి నుండి ఉస్తాద్‌కు అప్పజెప్పాలి. ఒక పారా నాకు బొత్తిగా గట్టిగా లేదు. ఆ రోజు వచ్చేసరికి జ్వరమని చెప్పి తప్పించుకున్నాను. మర్నాడు తర్వాతి పారా నుండి మొదలుపెట్టాను. ఉస్తాద్ పెద్దవారు, మర్చిపోయారు. రంజాన్‌లో ఆ పారా వచ్చిన రాత్రి రెండో రకాతులోనే ఆగిపోయాను. వెనక నుండి సామె లుఖ్మా ఇచ్చారు. మళ్ళీ ఆగాను. మళ్ళీ ఇచ్చారు. ఇరవై రకాతుల్లో ఎన్నిసార్లు ఆగానో లెక్కలేదు. చలికాలంలో చెమటలు పట్టాయి. నమాజు తర్వాత ఎవరూ ఏమీ అనలేదు. ఉస్తాద్ మాత్రం ఒక్క మాట అడిగారు: "జ్వరం ఆ రోజు వచ్చిందా, ఈ రోజా?"

అప్పటి నుండి దౌర్ అంటే ఏమిటో తెలిసింది. కంఠస్థం చేసిన ఖుర్ఆన్, తాడు విప్పిన ఒంటె కంటే వేగంగా జారిపోతుందని, దాన్ని కనిపెట్టుకుని ఉండమని దైవప్రవక్త (స) హెచ్చరించారు (బుఖారీ, ముస్లిం). ఆ మాట చెప్పిన ఆయనే స్వయంగా ప్రతి రంజాన్‌లో జిబ్రీల్ (అలై)తో కలిసి ఖుర్ఆన్‌ను మళ్ళీ చదివేవారు. ఆయన పరమపదించిన సంవత్సరం ఆ దౌర్ రెండుసార్లు జరిగింది (బుఖారీ). వహీ అందుకున్న మహనీయునికే పునశ్చరణ ఉంటే, ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం చదివే పిల్లవాడికి అది చిన్నతనం ఎలా అవుతుంది? ఇందులో ఇంకో విషయం గమనించండి. ఒక్కరే కూర్చుని కళ్ళతో చదువుకోవటంతో అది ముగియలేదు. ఒకరు చదవటం, మరొకరు వినటం ఉంది.

రెండు రోజుల తర్వాత ఆ కుర్రాణ్ణి కబురుపెట్టి పిలిచాను. "బేటా, నాకు ఫిజిక్స్ రాదు. కాని దౌర్ ఎలా చేస్తారో వచ్చు" అన్నాను. అతను నాకు పరీక్ష సంగతి చెప్పాడు, నేను అతనికి మదర్సా పద్ధతి చెప్పాను. ఇద్దరం కలిసి ఒక కాగితం తయారుచేశాం.

నీట్‌లో 180 ప్రశ్నలు, మూడు గంటలు, 720 మార్కులు. ఇందులో జీవశాస్త్రానికే 90 ప్రశ్నలు, అంటే 360 మార్కులు. భౌతిక, రసాయన శాస్త్రాలకు చెరి 45. ఈ లెక్క చూసి మా వాడు ఫిజిక్స్‌ను పూర్తిగా వదిలేసి బయాలజీతోనే గట్టెక్కుదామనుకున్నాడు. నేను మెల్లగా అడిగాను, పన్నెండింటిలో కొంచెమైనా తెలిసినవి ఎన్ని అని. ఐదు అన్నాడు. అసలు తెరవనివి? ఏడు. ఆ ఏడింటిలో చిన్నవి, సూత్రాల మీద నడిచేవి రెండు మూడు మాత్రం తీసుకుని, మిగతా నాలుగింటిని ఈ నెలకు వదిలెయ్యమన్నాను. చాలా బాధపడ్డాడు. కాని బెల్లం పాకం దగ్గరపడ్డాక పెనంలో కొత్తగా చెరకు రసం పోసేవాళ్ళుంటారా? పోస్తే పాకం పాడవుతుంది, రసమూ బెల్లం కాదు. ఈ పోలిక అతనికి నాకంటే బాగా తెలుసు. వదిలింది వదిలానని కాగితం మీద రాసుకున్నాక అతని ముఖంలో భయం కొంత తగ్గటం చూశాను. రాశిలో ఎంత తడిసిందో కొలిస్తే, మిగిలింది పొడిగానే ఉందని కూడా తెలుస్తుంది.

పాఠాల జాబితా కూడా సరిచూసుకోవాలి. 2024 పరీక్ష నుండి సిలబస్‌లో కొన్ని భాగాలు తీసేశారు. అన్నయ్య నోట్సు, సీనియర్ నోట్సు పట్టుకుని తీసేసిన పాఠాలు చదివే పిల్లలున్నారు.

మదర్సాలో సబఖ్ అంటే కొత్త పాఠం, సబ్ఖీ అంటే ఈమధ్య చదివింది, మన్‌జిల్ అంటే పాతది. షాబాన్ నెలలో సబఖ్ ఉండదు. అంతా మన్‌జిలే. అలాగే మొదటి పదిహేను రోజుల్లో మొత్తం ఒక చుట్టు పూర్తి కావాలి. తర్వాతి తొమ్మిది పది రోజుల్లో రెండో చుట్టు, అదీ తప్పులు వచ్చిన చోట్ల మాత్రమే. చివరి నాలుగైదు రోజులు కొత్త పుస్తకం ఏదీ ముట్టకూడదు. తప్పుల పుస్తకం ఒక్కటే.

ఆ తప్పుల పుస్తకం గురించి కాస్త చెప్పాలి. హాఫిజులకు అతి పెద్ద కష్టం ముతషాబిహాత్, అంటే ఒకదానికొకటి పోలిన ఆయతులు. ఒక సూరహ్‌లోని పదం ఇంకో సూరహ్‌లో చిన్న తేడాతో వస్తుంది. అక్కడ జారితే నాలుక ఒక సూరహ్‌లోంచి మరో సూరహ్‌లోకి వెళ్ళిపోతుంది. అందుకని వాటిని జంటలుగా రాసి పెట్టుకుంటారు. ఈ సంగతి చెప్పగానే కుర్రాడి కళ్ళు మెరిశాయి. "మాకూ ఉన్నాయి హజ్రత్!" అని లెక్కపెట్టాడు. దర్పణం సూత్రంలో ప్లస్, కటకం సూత్రంలో మైనస్. సీ3 మొక్కల్లో మొదట ఏర్పడే పదార్థం ఫాస్ఫోగ్లిజరిక్ ఆమ్లం, సీ4 మొక్కల్లో ఆక్సాలోఅసిటిక్ ఆమ్లం. సీ4కు ఉదాహరణ ఏమిటంటే చెరకు, సీ3కి వరి. మన శారదా నది ఆయకట్టులో పక్కపక్కనే పెరిగే పంటలివి. ఆ పిల్లవాడు పుట్టినప్పటి నుండి చూస్తున్నా, ఈ రెండూ తారుమారు చేసి రెండుసార్లు మార్కులు పోగొట్టుకున్నాడట! ఇలాంటి జంటలు ఒక నోటు పుస్తకంలో రాసుకుంటే నలభై పేజీలు కూడా కాలేదు. పెద్ద పుస్తకాల గుట్ట కంటే ఆ నలభై పేజీలు విలువైనవి. ఎందుకంటే అవి అతని తప్పులు, వేరొకరివి కావు.

వినేవాళ్ళు ఎవరు? మూసా (అలై) ఫిరౌన్ వద్దకు వెళ్ళే ముందు హృదయ వైశాల్యాన్ని, పని సులువు కావటాన్ని, నాలుక ముడి వీడటాన్ని ప్రసాదించమని వేడుకున్న దుఆ పిల్లలందరికీ వచ్చు. దాని తర్వాతి ఆయతుల్ని చాలామంది గమనించరు. తన కుటుంబంలోంచే ఒక సహాయకుణ్ణి, తన సోదరుడు హారూన్ (అలై)ను కూడా ఆయన అడిగారు (సూరహ్ తాహా). సహాయకుడు ఇంట్లోనే ఉంటాడన్నమాట. కుర్రాడి తండ్రి ఐదో తరగతి దాకా తెలుగు చదివారు, ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటారు. "నేనేం వింటాను హజ్రత్?" అన్నారు. మక్తబ్‌లో అరబీ అర్థం తెలియని తల్లులు కూడా ముస్‌హఫ్ ముందు పెట్టుకుని పిల్లల పాఠం అప్పజెప్పించుకుంటారు కదా! పుస్తకం పట్టుకోండి, వాడు ఎక్కడ ఆగాడో అక్కడ పెన్సిల్‌తో చుక్క పెట్టండి, అంతే చాలు అన్నాను. నీట్ ప్రశ్నపత్రం తెలుగులోనూ ఉంటుంది, 2018 నుండి ఉర్దూలోనూ ఇస్తున్నారు. కాని చదివిన భాష ఏదైనా, నోటితో చెప్పి చూసుకోకపోతే రాశిలో చెయ్యి పెట్టినట్టు కాదు.

రోజు ఎలా గడపాలన్నది మన నమాజు వేళలే చాలావరకు నిర్ణయిస్తాయి. తన సముదాయానికి ఉదయపు వేళల్లో శుభం కలగాలని దైవప్రవక్త (స) దుఆ చేశారు (తిర్మిజీ). ఫజ్ర్ తర్వాత, ఏప్రిల్ ఎండ ముదరకముందే, అన్నిటికంటే భయపెట్టే పాఠం తెరవాలి. పరీక్ష జరిగేది మధ్యాహ్నం రెండు నుండి ఐదు వరకు. అన్నం తిన్నాక కునుకు పట్టే సమయమది. ఖైలూలా సున్నతే, అందులో సందేహం లేదు. కాని మే నెల మొదటి ఆదివారం సరిగ్గా అదే వేళకు మెదడు మేలుకుని ఉండాలంటే, చివరి పది రోజులు ఆ మూడు గంటలే నమూనా ప్రశ్నపత్రం రాయటం అలవాటు చేసుకోవాలి. కునుకును కాస్త ముందుకు జరుపుకోవచ్చు. ఇషా తర్వాత కబుర్లు దైవప్రవక్త (స)కు ఇష్టముండేవి కావు. రాత్రి రెండింటి దాకా చదివి ఫజ్ర్ పోగొట్టుకునే పిల్లలు నమాజునూ పోగొట్టుకుంటున్నారు, చదివినదాన్నీ పోగొట్టుకుంటున్నారు. నిద్రలేని మెదడులో పాఠం నిలవదు. రాత్రంతా ఆరాధనలో గడపబోయిన హజ్రత్ అబూ దర్దా (రజి)ను హజ్రత్ సల్మాన్ (రజి) ఆపి, నీ ఆత్మకూ నీపై హక్కుందని గుర్తుచేస్తే, సల్మాన్ చెప్పింది నిజమేనని దైవప్రవక్త (స) సమర్థించారు (బుఖారీ). అది రాత్రి నమాజు విషయంలో చెప్పిన మాట. ఫిజిక్స్ విషయంలో వర్తించదా?

ఇక ప్రశ్నపత్రంలో తెలియని ప్రశ్న ఎదురైతే ఏం చెయ్యాలి? సరైన జవాబుకు నాలుగు మార్కులు, తప్పుకు ఒకటి కోత. గుడ్డిగా గుర్తు పెట్టటం జూదం కిందికి వస్తుందా అని కూడా ఒక అమ్మాయి తన తండ్రి ద్వారా అడిగించింది. నా అవగాహన మేరకు రాదు. ఒకరి సొమ్ము పణంగా పెట్టి ఇంకొకరు గెలుచుకునేది ఇందులో లేదు. లెక్క కూడా చూద్దాం. నాలుగు ప్రశ్నలకు గుడ్డిగా గుర్తు పెడితే సగటున ఒకటి తగులుతుంది, మూడు తప్పుతాయి. నాలుగు వచ్చి మూడు పోతాయి, ఒకటి మిగులుతుంది. సగటు మాట అది. నాలుగూ తప్పితే నాలుగూ పోతాయి. రెండు జవాబులు కావని ఖాయంగా తెలిసి మిగతా రెండింట్లో ఒకటి ఎంచుకుంటే మేలు ఎక్కువ. ఇదంతా ధర్మసమ్మతమే. అసలు నష్టం వేరేచోట ఉంది. "తెలిసినట్టే ఉంది" అనిపించే ప్రశ్నలు! పరీక్షకులు ఆ సగం తెలివి కోసమే ఒక తప్పు జవాబును అందంగా తయారుచేసి పెడతారు. తనకు ఏది తెలుసో, ఏది తెలియదో నెల రోజులు నిజాయితీగా లెక్క చూసుకున్నవాడు మాత్రమే హాలులో ఆ తేడా కనిపెట్టగలడు.

ఇమామ్ మాలిక్ (రహ్మలై)ను ఒకసారి 48 ప్రశ్నలు అడిగితే 32 ప్రశ్నలకు తనకు తెలియదని జవాబిచ్చారని పెద్దలు ఉల్లేఖించారు. మదీనా ఇమాముకు అది అవమానం కాలేదు. డాక్టరు కాబోయే పిల్లవాడికి ఈ పాఠం మార్కులకంటే ఎక్కువ అవసరం. వైద్యం తెలియకుండా వైద్యానికి దిగినవాడు జరిగిన హానికి బాధ్యుడని దైవప్రవక్త (స) స్పష్టం చేశారు (అబూ దావూద్). ఈరోజు ఒక పాఠం వచ్చిందని తనను తాను నమ్మించుకున్న పిల్లవాడు, పదేళ్ళ తర్వాత విశాఖ కింగ్ జార్జ్ ఆస్పత్రి వంటి చోట ఒక పేద రోగి ముందు నిలబడి అలాగే నమ్మించుకుంటే? వైద్యవిద్య ఫర్జ్ కిఫాయా అని, ఊరిలో ఆ పని చేసేవారు ఒక్కరూ లేకపోతే అందరూ బాధ్యులేనని ఇమామ్ గజాలీ (రహ్మలై) ఇహ్యాలో వివరించారు. అందరూ ఫిఖ్ చర్చల్లోనే గుమిగూడుతున్నారని తనవంటి పండితుల్నే విమర్శించారు. మాకు ఆ చురక తగలవలసిందే.

మోసం గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. 2016లో తెలంగాణ ఎంసెట్-2 ప్రశ్నపత్రం బయటికి పొక్కి, పరీక్ష రద్దయి, కష్టపడి రాసిన పిల్లలంతా సెప్టెంబరులో మళ్ళీ రాయవలసి వచ్చింది. 2024లో నీట్ ప్రశ్నపత్రం బీహార్, జార్ఖండ్‌లలో లీకయింది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. మొత్తం పరీక్షను రద్దు చేయటానికి కోర్టు 2024 జూలై 23న నిరాకరించింది. ఆ తర్వాత ఒక తండ్రి నాతో అన్నాడు, "హజ్రత్, డబ్బున్నవాళ్ళు కొనుక్కుంటుంటే మన పిల్లలు దౌర్ చేసి ఏం లాభం?" ఆయన కోపం నాకు అర్థమైంది. కోపం న్యాయమే. కాని ఆ వెంటనే ఆయన గొంతు తగ్గించి, ఎవరైనా చివరి వారంలో ఖాయమైన ప్రశ్నలు ఇస్తామంటే తీసుకోవచ్చా అని అడిగాడు. అప్పుడు ఆ ధాన్యం రాశి హదీసే మళ్ళీ చెప్పాను. దొంగిలించిన పత్రంతో వచ్చిన సీటు ఇంకో బిడ్డ సీటు. బిడ్డ పేరు మనకు తెలియకపోవచ్చు. హక్కుల విషయంలో అల్లాహ్ క్షమించాలంటే ముందు ఆ హక్కుదారు క్షమించాలి. పేరే తెలియని బిడ్డను ఎక్కడికి వెళ్ళి క్షమాపణ అడుగుతాం?

ఇంతా చేస్తే సీటు వస్తుందా? 2025లో ఈ పరీక్ష 22 లక్షల మందికి పైగా రాశారు. దేశం మొత్తం మీద ఎం.బి.బి.ఎస్. సీట్లు లక్షకు కాస్త పైన. అంటే చాలా ఎక్కువమందికి రాదు, ఎంత కష్టపడినా రాదు. పైగా ఎన్ని మార్కులకు సీటన్నది కూడా మన చేతిలో లేదు. 2024లో తొలుత 67 మందికి 720కి 720 వచ్చాయన్నారు. 2025లో మొదటి ర్యాంకు వచ్చిన విద్యార్థికి 686. ప్రశ్నపత్రం కఠినమైతే అందరి మార్కులూ దిగుతాయి. కాబట్టి గోడమీద "650 మార్కులు" అని రాసి పెట్టుకునే పిల్లలకు నా సలహా, అది తీసి "ఈ రోజు మూడు పాఠాలు పుస్తకం మూసి చెప్పాలి" అని రాసుకోండి. మొదటిది మన వంతు కాదు. రెండోది పూర్తిగా మన వంతే. తనకు మేలు చేసేదాని కోసం పట్టుదలతో ఉండి, అల్లాహ్ సహాయం కోరి, నిస్సహాయంగా కూర్చోవద్దని దైవప్రవక్త (స) ఆదేశించారు. ఫలితం వేరేగా వస్తే, అలా చేసి ఉంటే ఇలా జరిగేదని నెమరువేయటం షైతాన్‌కు తలుపు తెరవటమేనని కూడా హెచ్చరించారు (ముస్లిం). ఆ హదీసులోని క్రమం గమనించాలి. "ఇలా చేసి ఉంటే" అన్న ఆలోచన పరీక్షకు నెల ముందు ఎంతో మేలు చేస్తుంది, తప్పుల పుస్తకం అంటే అదే. ఫలితం వచ్చిన తర్వాత అదే ఆలోచన విషం.

ఆ విషం ఎంత దూరం వెళ్ళగలదో మనం చూశాం. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాక ఇరవై మంది వరకు పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ ఫలితాల్లో తప్పులు దొర్లాయని తర్వాత తేలింది. ఆత్మహత్య నిషిద్ధమని మనం వేదికల మీద చెబుతాం. చెప్పాలి. కాని ఆ పిల్లలు చివరిగా విన్న మాట ఏమిటో ఎవరైనా ఆలోచించారా? "నీ మీద ఇన్ని లక్షలు పోశాను" అనే మాట ఈ నెల రోజుల్లో ఏ తండ్రి నోటా, ఏ తల్లి నోటా రాకూడదు. బిడ్డ నిద్ర మానేసినా, అన్నం మానేసినా, మాట తగ్గినా, ముందు పుస్తకం మూయించండి, పక్కన కూర్చోండి. 14416 నంబరుకు ఫోను చేస్తే ప్రభుత్వ టెలీ మానస్ సేవ ఉచితంగా లభిస్తుంది. తెలుగులో మాట్లాడవచ్చు. వైద్యం చేయించుకోవటం తవక్కుల్‌కు వ్యతిరేకం కాదని వేరే చెప్పాలా?

మా కుర్రాడికి ఆ యేడు సీటు రాలేదు. ఇప్పుడు బి.ఫార్మసీ చదువుతున్నాడు. ఫలితాలు వచ్చిన రోజు మగ్రిబ్‌కు తండ్రీకొడుకులిద్దరూ వచ్చారు. ఫిజిక్స్‌లో ఎలా రాశావని అడిగాను. పేపరు చాలా కష్టంగా వచ్చింది హజ్రత్, కాని ఏ ప్రశ్న నాదో, ఏది నాది కాదో తెలిసింది అన్నాడు. తండ్రి జేబులో ఇంకా పెన్సిల్ ఉంది, కూతురు తొమ్మిదో తరగతికి వచ్చింది.

ఇక పరీక్ష రోజు గురించి తల్లిదండ్రులు అడిగే సందేహాలు రెండున్నాయి. నమాజు పోతుందా అన్నది మొదటిది. పోదు. మే మొదటి వారంలో మన ప్రాంతంలో జుహ్ర్ వేళ పన్నెండు గంటల సమయంలోనే మొదలవుతుంది. గేట్లు మూసేది ఒకటిన్నరకు. కేంద్రం దగ్గరకు ముందుగా చేరుకుని జుహ్ర్ చదువుకుని లోపలికి వెళ్ళవచ్చు. ఐదింటికి బయటికి వస్తే సూర్యాస్తమయం ఆరుంబావు ప్రాంతంలో, కాబట్టి అస్ర్‌కు గంటకు పైగా వ్యవధి ఉంటుంది. రెండోది ఆడపిల్లల దుస్తుల సంగతి. మతాచారం ప్రకారం దుస్తులు ధరించేవారిని అనుమతిస్తారు, కాని తనిఖీ కోసం ముందుగా రమ్మంటారు. ఎన్ని గంటలకన్నది అడ్మిట్ కార్డుతో వచ్చే సూచనల్లో ఉంటుంది, ఆ కాగితాన్ని తండ్రి కూడా ఒకసారి చదవాలి. అలాంటి పిల్లలు జుహ్ర్ వేళ కాగానే, ఆలస్యం చేయకుండా చదివి లోపలికి వెళ్ళాలి. తావీజు లోహపు డబ్బీలో ఉంటే గేటు దగ్గర తీయిస్తారు, ఆ గొడవ అక్కడ పెట్టుకోకుండా ఇంట్లోనే తీసి రండి. అనకాపల్లి నుండి విశాఖకు కేంద్రం పడినవారికి ముప్పై కిలోమీటర్లకు పైగా ప్రయాణం, ఆదివారం బస్సుల మీద ఆధారపడవద్దు. ముందురోజు సాయంత్రం తండ్రి ఒక్కడే వెళ్ళి కేంద్రం ఎక్కడుందో చూసి, దానికి దగ్గరలో ఏ మసీదు ఉందో కూడా అడిగి తెలుసుకుని రావటం మంచిది. ఆ సాయంత్రం పిల్లవాణ్ణి తీసుకెళ్ళనక్కరలేదు, పడుకోనివ్వండి.